పట్నంలో ఉందామా? లంకలో ఉందామా?

పిల్లలూ,

కిందటి సంక్రాంతి పండుగకు నా పాత శిష్యుడొకడు భార్యాబిడ్డలతో మా ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడో లేదో, "మాస్టారండీ, మా ఇంట్లో ఒక తగువు వచ్చి పడింది. మీరే తీర్చాలి" అన్నాడు.

ఆ తగువు ఇది. అతని సొంత ఊరు కోనసీమలో, వైనతేయ పాయ నడుమ ఉన్న ఒక చిన్న లంక. అక్కడ ఒక పెంకుటిల్లు, ఎకరంన్నర కొబ్బరితోట ఉన్నాయి. ముసలి తల్లి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటున్నది. అతను మాత్రం రాజమహేంద్రవరంలో అద్దె ఇంట్లో కాపురముంటూ, కంప్యూటరు మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు పట్నంలో ఇల్లు కొనుక్కోవాలా, లేక లంకకు పోయి తల్లి దగ్గరే ఉండిపోవాలా? భార్య పట్నమన్నది. ఆరో తరగతి చదివే కొడుకూ పట్నమే అన్నాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురు మాత్రం, "మామ్మ దగ్గరికే వెళదాం" అని పట్టుబట్టింది.

"ఇప్పుడు లంకలోకి కూడా ఇంటర్నెట్టు వచ్చిందండీ. ఎక్కడ కూర్చున్నా నా పని ఆగదు" అన్నాడు శిష్యుడు.

"ఫోను మాటను ఏరు దాటిస్తుందోయ్, మనిషిని దాటించలేదు. తొందరపడకు. ముందు లంక అంటే ఏమిటో, పట్నం అంటే ఏమిటో బాగా తెలుసుకుందాం. ఆ తరువాత తేల్చుకుందాం" అన్నాను నేను.

ఆనాడు వాళ్ళతో చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ చెబుతాను.

లంక ఎలా పుడుతుంది?

ఒక గాజు సీసాలో గుప్పెడు ఇసుక, గుప్పెడు మెత్తని చెరువు మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి మూత బిగించండి. సీసాను బాగా కుదిపి బల్ల మీద పెట్టండి. ఏమవుతుంది? ఇసుక వెంటనే అడుక్కు దిగిపోతుంది. మెత్తని మట్టి మటుకు చాలాసేపు నీళ్ళలో తేలాడి, మెల్లమెల్లగా ఇసుక మీద పొరలాగా పేరుకుంటుంది. నీళ్ళు కదులుతున్నంతసేపూ మట్టిని మోస్తాయి. కదలిక తగ్గితే మోసే బలం తగ్గి, ముందు బరువైన దాన్ని, తరువాత తేలికైన దాన్ని దించేస్తాయి.

గోదావరి చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఆ నది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో ఎన్నో నేలల మట్టిని కడిగి వెంట తెచ్చుకుంటుంది. పాపికొండల నడుమ ఇరుకుగా, వడిగా పరుగెత్తిన నీరు మైదానంలోకి రాగానే విశాలంగా పరుచుకుంటుంది. వడి తగ్గుతుంది. మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును నది మధ్యలో దించుతుంది. మొదట అది ఇసుకతిన్నె. దాని మీద రెల్లుగడ్డి మొలుస్తుంది. మరుసటి ఏడు వచ్చిన వరదలోని ఒండ్రును ఆ గడ్డి దుబ్బులు పట్టి ఆపుతాయి. అలా ఏటేటా పొర మీద పొర చేరి తిన్నె ఎత్తవుతుంది. ఎవరో ఒక రైతు పడవ మీద వచ్చి దోసపాదు పెడతాడు, తరువాత పాక వేస్తాడు. కొన్నాళ్ళకు అక్కడొక ఊరు! దాన్నే మనం లంక అంటాం.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. నది అక్కడ లంకల వల్ల నాలుగు పాయలుగా చీలి ఉండటం ఆయనకు కలిసివచ్చింది. ఒకే పొడుగు గోడ కట్టకుండా, లంక నుంచి లంకకు నాలుగు ముక్కలుగా కట్టించాడు. ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. అదీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగానే ఉన్నది. నాలుగింటికీ కలిపి 175 తలుపులు.

ఆనకట్ట దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. గౌతమికీ, వశిష్ఠకూ, సముద్రానికీ నడుమ ఉన్న నేలే కోనసీమ. చూశారా! మూడు వైపులా నీరే. ఒక విధంగా కోనసీమ అంతా కలిసి ఒక పెద్ద లంకే!

అయితే ఒక తేడా ఉన్నది. కోనసీమలోని పెద్ద ఊళ్ళకూ, పొలాలకూ వరద రాకుండా పాయల వెంబడి ఎత్తయిన ఏటిగట్లు ఉన్నాయి. చిన్న లంకలు ఆ గట్లకు లోపల, నదిలో ఉంటాయి. వాటికి గట్టు రక్షణ లేదు. నది ఇచ్చిన నేల మీద నది దయతో బతకాలి.

పట్నం ఎలా పుడుతుంది?

"రాజమహేంద్రవరానికి అన్ని దారులూ ఉన్నాయి కదా తాతగారూ! రైళ్ళున్నాయి, బస్సులున్నాయి, విమానాలు కూడా ఉన్నాయి!" అన్నాడు కుర్రవాడు.

నిజమే. కాని ఆ దారులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1900కు ముందు కొవ్వూరు వైపు నుంచి రాజమహేంద్రవరం రావాలంటే ఎంతటివారైనా పడవ ఎక్కవలసిందే. ఆ ఏడు హేవలాక్ వంతెన మీద రైలు నడిచింది. అప్పటి నుంచి మద్రాసుకూ కలకత్తాకూ నడుమ గోదావరి అడ్డు తొలగింది. 1974లో రెండో వంతెన వచ్చింది. దాని మీద కింద రైలు, పైన రోడ్డు. 1997లో విల్లులాంటి కమానులతో మూడో వంతెన వచ్చాక, ముసలిదైపోయిన హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు. ఇలా ఒక్కొక్క వంతెన పడినకొద్దీ పట్నం పట్నమైంది.

వచ్చిన దారి పోవడం కూడా ఉన్నది. కాకినాడ నుంచి గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే, యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. కోటిపల్లి జనం మళ్ళీ రైలు కూత వినింది 2004లో! అంటే ఆరు దశాబ్దాలకు పైగా ఆ ఊరు రైలు పోగొట్టుకున్న ఊరుగా ఉండిపోయింది.

లంకల సంగతీ అంతే. కోనసీమ వైపున ఉన్న ఎదుర్లంకకూ, యానానికీ నడుమ గౌతమి చాలా వెడల్పు. 2002లో అక్కడ వంతెన తెరిచారు. అది ఎదుర్లంకలో పుట్టి లోకసభ స్పీకరు దాకా ఎదిగిన బాలయోగిగారి పేరు మీద ఉన్నది. పడవ కోసం ఎదురుచూసిన జనం ఇప్పుడు బస్సులో కూర్చుని దాటుతున్నారు. కనుక "ఇది దారి ఉన్న ఊరు, అది దారి లేని ఊరు" అన్నది బ్రహ్మరాత కాదు. మనుషులు పూనుకుంటే మారుతుంది.

వరద రోజు

ఇక అసలు సంగతికి వస్తాను. లంక అందం చూడాలంటే మాఘమాసంలో వెళ్ళాలి. లంక కష్టం చూడాలంటే శ్రావణమాసంలో వెళ్ళాలి. రెండూ చూడకుండా లంకను మెచ్చుకోకూడదు, తిట్టకూడదు.

వరద వచ్చినప్పుడు రేడియోలో, పేపర్లలో "ఇన్ని లక్షల క్యూసెక్కులు" అని చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు, అనగా సుమారు 28 లీటర్లు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంటే ప్రతి సెకనుకూ రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లు! 13 లక్షలకు రెండో హెచ్చరిక, 17 లక్షలకు మూడో హెచ్చరిక. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది.

ఆ 1986లో నేను ఒక లంక బడిలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుణ్ణి. పెళ్ళి కూడా కాలేదు. బడి పక్కనే ఒక గదిలో ఉండేవాణ్ణి. మాకు రేవులో ఒక ముసలి సరంగు ఉండేవాడు. అతను ఒడ్డున వెదురుగడ పాతి, దాని మీద జానెడు జానెడుకు గాటు పెట్టి ఉంచాడు. ఆ రోజు పొద్దున్న మూడో గాటు దగ్గరున్న నీరు మధ్యాహ్నానికి గడను మింగేసింది. సరంగు నా దగ్గరకు వచ్చి, "మాస్టారండీ, పిల్లల్ని పంపించెయ్యండి. ఇది మామూలు ఎర్రనీరు కాదు" అన్నాడు. నేను హాజరు పట్టీలు రేకు డబ్బాలో పెట్టి అటక మీదికెక్కించాను.

సాయంత్రానికి ఊరంతా బడి మిట్ట మీదకు చేరింది. మనుషులే కాదు, మేకలూ, కోళ్ళూ, పాములూ కూడా మెరక వెతుక్కుంటూ వచ్చాయి. చీకటి పడే వేళ నా తరగతి కుర్రవాడొకణ్ణి పాము కరిచింది. డాక్టరు ఏటిగట్టు అవతలి ఊళ్ళో ఉన్నాడు. రేవు వెడల్పు ఒక కిలోమీటరైనా లేదు. మామూలు రోజుల్లో పడవ మీద పావుగంట. ఆ రాత్రి సరంగూ, ఇద్దరు యువకులూ, నేనూ ఆ పిల్లవాణ్ణి పడవలో వేసుకుని బయలుదేరాం. నది మధ్యలో కొట్టుకువచ్చే చెట్లను గెడలతో నెట్టుకుంటూ, దిగువకు కొట్టుకుపోతూ, మళ్ళీ గట్టు వెంబడి ఎగువకు లాగుకుంటూ చేరేసరికి రెండు గంటలు దాటింది. నా చేతిలో ఆ పిల్లవాడి చెయ్యి చల్లబడిపోతున్నది. దేవుడి దయ, డాక్టరుగారి చలవ, వాడు బతికాడు.

ఆ రాత్రి నేనొక పాఠం నేర్చుకున్నాను. పటం మీద ఊరి దూరం ఎప్పుడూ ఒకటే. బతుకులో ఆ దూరం ఎండ రోజున ఒకటి, వరద రోజున ఇంకొకటి.

వరద తీశాక తిరిగి వెళితే బడి గదిలో మోకాటి లోతు బురద. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఒక రైతు వచ్చి ఆ బురదను గుప్పెడు తీసి, వేళ్ళతో నలిపి చూసి, "బంగారం లాంటి ఒండ్రండీ! ఈ ఏడు మిరప తోటకు ఎరువక్కర్లేదు" అన్నాడు! ఇల్లు కూలినవాడి నోటి వెంట వచ్చిన మాట అది. లంక సంగతి నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. అన్నం పెట్టేదీ ఆ బురదే, ఇల్లు ముంచేదీ ఆ బురదే.

లంకలో ఏమున్నది?

అయితే జనం అక్కడే ఎందుకుంటారు? ఒండ్రు నేలలో కూరగాయలు, అరటి, కొబ్బరి, కంద విరగపండుతాయి. లంక పొగాకుకు ఒకప్పుడు చుట్టలు కాల్చేవారిలో గొప్ప పేరు. గడ్డి పుష్కలం కనుక పాడికి లోటు లేదు. రాత్రి పడుకుంటే నది చప్పుడు తప్ప మరో చప్పుడు వినిపించదు.

ఇంకొకటి కూడా ఉన్నది. ఏరు దాటడం కష్టమైనచోట ఒకరికొకరు తోడు కావడం అలవాటవుతుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారనే ఇల్లాలు ఉండేది. ఆమె 1841లో పుట్టి 1909లో గతించింది. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులు ఏ వేళ తలుపు తట్టినా, కులమేమని అడగకుండా అన్నం పెట్టిన తల్లి. నేడు ఆ గన్నవరం దగ్గర వైనతేయ మీద, కాలువ నీటిని ఏరు దాటించే అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. అన్నం పెట్టిన చేతికి తగిన గౌరవం కదూ!

లంకకు మరో భయం ఉన్నది. నది ఇచ్చిన నేలను నదే తీసుకుంటుంది. వంపు తిరిగేచోట నీరు బయటి ఒడ్డును వడిగా ఒరుసుకుపోతుంది, లోపలి ఒడ్డున నెమ్మదిగా నడుస్తుంది. అందుకని బయటి ఒడ్డు కోతపడి కొబ్బరిచెట్లతో సహా విరిగి పడుతుంది. లోపలి ఒడ్డున కొత్త ఇసుక మేట వేస్తుంది. పైగా ఎగువన కట్టిన ఆనకట్టల వెనుక కొంత ఒండ్రు ఆగిపోతున్నది. కనుక పోయినంత నేల తిరిగి రాదు.

రెండు పట్టీలు

ఇవన్నీ చెప్పి, ఆ అమ్మాయికి ఒక కాగితం, కుర్రవాడికి ఒక కాగితం ఇచ్చాను. "అమ్మాయీ, డాక్టరు, బడి, మందుల కొట్టు, బస్సు – వీటికి పట్నంలో ఎంతసేపు పడుతుందో, లంకలో ఎంతసేపు పడుతుందో రాయి. ఎండ రోజుకు ఒక గడి, వరద రోజుకు ఒక గడి. అబ్బాయీ, నువ్వు రెండు చోట్లా డబ్బుతో కొనలేనివి ఏమున్నాయో రాయి" అన్నాను. ఎవరికి ఏది ఇష్టమో దానికి ఎదురు పని అప్పగించాను, చూశారా!

అమ్మాయి పట్నం గడుల్లో పది నిమిషాలు, పావుగంట అని రాసింది. లంకలో ఎండ రోజుకు, డాక్టరుకు నలభై నిమిషాలని రాసింది. వరద రోజు గడి దగ్గర చాలాసేపు ఆగి, "పడవ ఎప్పుడొస్తే అప్పుడు" అని రాసింది. రాసి, తలెత్తి వాళ్ళ నాన్నకేసి చూసింది. మామ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు మరి.

కుర్రవాడు లంక కింద, "మామ్మ పొయ్యి వెలిగించకపోతే పక్కింటివాళ్ళు వచ్చి అడుగుతారు" అని రాశాడు. పట్నం కింద, "గ్రంథాలయం, స్నేహితులు" అని రాసి, కాసేపాగి, "మామ్మ మా ఇంటికి వచ్చినప్పుడు బాల్కనీలో కూర్చుని, ఇక్కడ పలకరించే మనిషి లేడురా అన్నది" అని కూడా రాశాడు.

అప్పుడు శిష్యుడు, "తేలినట్టే ఉందండీ. పిల్లల చదువయ్యేదాకా పట్నం. లంకలో ఇల్లూ తోటా అమ్మను. ఆషాఢం నుంచి దసరా దాకా అమ్మను మా దగ్గరకు తెచ్చుకుంటాను. తక్కిన నెలలు ఆవిడ ఇంట్లో ఆవిడ ఉంటుంది. సెలవలకు మేమే వెళతాం" అన్నాడు. అతని భార్య, "అత్తయ్యగారు ఒప్పుకుంటే" అన్నది. అవును, ఆ పెద్దావిడను అడగకుండా ఎవరు తేల్చినా అది తేలినట్టు కాదు.

అంతటితో కథ అయిపోయిందనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను వదలలేదు. "తాతగారూ! వెళ్ళగలిగినవాళ్ళందరూ మాలాగే వెళ్ళిపోతే, అక్కడ మిగిలినవాళ్ళకు వంతెన కావాలని ఎవరు అడుగుతారు?" అన్నది.

పిల్లలూ, నేను నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే, కాని ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, ఆ వరద వచ్చిన మరుసటి ఏడు నేను బదిలీ పెట్టుకుని గట్టు అవతలి ఊరికి వచ్చేశాను. మా అమ్మ భయపడుతున్నదని అందరితో చెప్పాను. భయపడింది మా అమ్మ ఒక్కతే కాదు. నా తరువాత ఆ బడికి చాలాకాలం మాస్టారు రాలేదని తరువాత విన్నాను. నేను రావడం తప్పని ఇప్పటికీ అనలేను. కాని వచ్చాక, ఆ బడికి ఇంకొక మాస్టారిని వేయమని ఒక్క అర్జీ అయినా రాసి ఉండవలసింది. రాయలేదు. అది తప్పు.

ఆ అమ్మాయితో అదే చెప్పాను. "అమ్మా, సదుపాయం ఉన్న చోటికి వెళ్ళడం నేరం కాదు. వెళ్ళాక రేవును మరిచిపోవడం నేరం. పట్నంలో చదువుకున్నవాడికి అర్జీ రాయడం తెలుస్తుంది, ఎవరికి రాయాలో తెలుస్తుంది. ఆ తెలివి లంకకు బాకీ అనుకో" అన్నాను. ఆ పిల్ల ఆ సాయంత్రమే నా బల్ల దగ్గర కూర్చుని, మామ్మ ఊరి రేవులో వరద నెలల్లో మరపడవ ఒకటి రాత్రిపూట కూడా సిద్ధంగా ఉంచాలని కలెక్టరుగారికి ఉత్తరం రాసింది. నేను అక్షరదోషాలు రెండు దిద్దాను, అంతే.

మీరూ ఒక పని చేయండి. మీ ఊరికి అలాంటి పట్టీ ఒకటి వేయండి. డాక్టరు, బడి, అంగడి, బస్సు – ఎండ రోజున ఎంతసేపు, వాన రోజున ఎంతసేపు? రెండు గడుల మధ్య తేడా ఎక్కడ పెద్దదిగా ఉన్నదో చూడండి. మీ ఊరికి వంతెన పడవలసింది అక్కడే. అది రాళ్ళతో కట్టే వంతెనే కానక్కరలేదు. ఒక దీపం కావచ్చు, ఒక పడవ కావచ్చు, ఒక నర్సమ్మ కావచ్చు. ఆ పట్టీని మీ నాన్నగారికీ అమ్మగారికీ చూపించండి. ఏ ఊళ్ళో ఉండాలో పెద్దవాళ్ళు తేల్చేటప్పుడు, ఆ కాగితం వాళ్ళ ముందుండాలి.